ఊబి నుంచి సత్రం దాకా

దినచర్య 41

నీళ్ళు అందాయి. పిండి సరిపోయింది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం తోటకూర పప్పు. ఏమీ మిగల్లేదు. గొట్టాల్లో పెంచే తోటకూరకి రెండో వరసలో వేరుకుళ్ళు కనబడింది, సూపర్‌వైజరు వచ్చి చూడాలి.

ఇంతవరకూ కంపెనీకి. వంటశాల దినచర్యని ఎవరూ చదవరని నాకు బాగా తెలుసు. పోయిన ఏడాది "సాంబారులో సూపర్‌వైజరు చెప్పు పడింది, తీసేశాం" అని రాసి పెట్టాను, ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అందుకని ఈ పేజీ కింద మిగిలిన జాగాలో నా సంగతులు రాసుకుంటాను. మాట్లాడాల్సిన మనిషి దూరమైపోతే ఎక్కడో ఒకచోట కక్కుకోవాలి కదా.

నా పేరు పైడమ్మ. తెల్లగుండు మంచుగనిలో వంట నాది. మా ఆయన పోలయ్య మంచుబండి మీద మెకానిక్కు. బండి ఇక్కడ మంచు నింపుకుని అంతరిక్షంలో ఉన్న పెద్ద స్టేషనుకి వెళ్ళి దింపి వస్తుంది. ఈసారి ఆయనొక్కడే తోలుకెళ్ళాడు. ఆగాల్సిన చోట ఆపే ఇంజను వెలగలేదు. బండి స్టేషను పక్కనుంచి దాటి అలాగే పోయింది. వెంటపడి పట్టుకోగల బండి ఎవరి దగ్గరా లేదు. కంపెనీవాళ్ళు మూడుసార్లు కూర్చోబెట్టి ఆ ముక్కే చెప్పారు. మూడోసారి టీ కూడా ఇచ్చారు.

మనిషి మాత్రం బాగానే ఉన్నాడు. బండి నిండా మంచే కాబట్టి నీళ్ళకీ గాలికీ లోటు లేదు. మొక్కల గది ఉంది. ఏళ్ళ తరబడి బతుకుతాడు. బతుకుతూ, పోతూ ఉంటాడు.

మొదట్లో గొంతు వినిపించేవారు. తర్వాత గొడుగు మీద అంత చోటు లేదన్నారు. గొడుగు అంటే ఇక్కడి గనులన్నిటికీ కలిపి ఉన్న పెద్ద యాంటెన్నా. అది ఒక్కొక్క వైపూ వంతులవారీగా తిరిగి కబుర్లు పంపుతుంది, పట్టుకుంటుంది. కంపెనీ పనులు పోగా దాని మీద మిగిలే చిల్లర చోటులో దుర్గం ఆట నడుస్తుంది. మాకిద్దరికీ ఇప్పుడు అదే దిక్కు.

దుర్గం రాతల ఆట. బొమ్మలుండవు. "నువ్వు కోట వాకిట్లో ఉన్నావు. ఉత్తరాన గుర్రపుశాల, తూర్పున సంత" అని తెర మీద పడుతుంది. "ఉత్తరం" అని కొడితే గుర్రపుశాలలో తేలతావు. అక్కడ ఎవరుంటే వాళ్ళ పేర్లు కనిపిస్తాయి, మాట్లాడుకోవచ్చు. కట్టినవాళ్ళు ఎప్పుడో రిటైరైపోయారు, దాని లోపలి తాళాలు ఎవరికీ తెలియవు, గొడుగు స్టేషన్లో ఓ మూల యంత్రం దానంతటది తిరుగుతూ ఉంటుంది. పని దిగాక అన్ని గనుల జనమూ అక్కడే చేరతారు. పెళ్ళయిన కొత్తలో మా షిఫ్టులు కలిసేవి కావు, సగం కాపురం దుర్గం ఏటి ఒడ్డున చేశాం.

ఇవాళ కూడా ఏటి ఒడ్డునే నిలబడ్డాను. నా మాట ఆయనకి చేరి జవాబొచ్చేసరికి రెండు గంజిగిన్నెలు కడిగాను.

"ఏటి వొండినావే?" అన్నాడు.

"ఉప్మా" అన్నాను.

"మల్లీనా? నాను దూరంగా ఎలిపోడమే మంచిదైపోనాది."

నవ్వొచ్చింది. నవ్వాక స్టోరు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

దినచర్య 58

నీళ్ళు అందాయి. ఇడ్లీ, టమాటా చారు. వేరుకుళ్ళు మూడో వరసకి పాకింది. సూపర్‌వైజరు రాలేదు.

దూరం పెరిగేకొద్దీ ఆయన అక్షరాలు సన్నబడుతున్నాయట. ఒక్కొక్క అక్షరం పోల్చుకోడానికి గొడుగు చాలాసేపు అటే చెవి పెట్టుకుని ఉండాలి. అంతసేపు అటుంచడం కుదరక, ఆయన వంతు పూటకోసారి చేశారు. దాంతో ఆటలో ఆయన "ఉత్తరం" అని కొడితే, ఆ ఒక్క అడుగూ పొద్దున వేస్తే రాత్రికి పడుతోంది. నడిదారిలో నిలబడిపోతాడు. దొంగలొచ్చి కంబళి లాక్కుపోయారు. నేను చూస్తూ ఉన్నాను, ఆయనకి ఆ సంగతి తెలిసేసరికి దొంగలు కంబళి అమ్ముకుని తిని ఉంటారు.

ఆటలో నా దగ్గరికి మస్తాను వచ్చాడు. గొడుగు స్టేషన్లో ఆపరేటరు. వాళ్ళ తాతలది నెల్లూరు వైపు. ఆటలో అతనికి తోవల మస్తాను అని పేరు. ఎక్కడినుంచి ఎక్కడికైనా రెండు మూడు అక్షరాల్లో పంపించేస్తాడు.

"ఏందక్కా ఇది. అడుగుకొక ఉత్తరం రాసుకుంటా పోతే ఎట్టా? తోవంతా ఒకే మూట కట్టి పంపమను గదా."

నేర్పించాడు. ఉత్తరానికి ఉ, దక్షిణానికి ద, తూర్పుకి తూ, పడమరకి ప. ఎక్కడానికి పై, దిగడానికి కిం. ముందు పరుగు అని పెట్టి "పరుగు 3ఉ 2తూ ద" అని కొడితే మనిషి మూడు గదులు ఉత్తరానికి, రెండు తూర్పుకి, ఒకటి దక్షిణానికి నిలవకుండా పోతాడు. పరుగులో ఆట గది పేరు మాత్రం చెబుతుంది, అక్కడ ఏముందో చెప్పదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పరుగెత్తేవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే ఆగిపోతాడు, మిగిలిన మూట వృథా.

ఇన్నేళ్ళలో నేనెప్పుడూ పరుగు వాడలేదు. సంతలోకి వెళ్తే ఎవరో బేరం తెగక తిట్టుకుంటున్నారని రాసి ఉంటుంది, అది చదవకుండా దాటిపోతే సంతకి వెళ్ళినట్టా? కానీ మా ఆయనకి కాళ్ళు కావాలి. రాసి పంపాను.

ఆయనకి భలే నచ్చింది. మర్నాటి పూట మొదటి మూట వచ్చింది. "పోలయ్య దక్షిణం నుంచి వచ్చాడు. పోలయ్య తూర్పుకి వెళ్ళాడు." నా తెర మీద ఆ రెండు వాక్యాలూ ఒకేసారి పడ్డాయి. వచ్చిన మనిషి మొహం చూడకముందే వీపు చూసినట్టయింది.

దినచర్య 77

నీళ్ళు అరగంట ఆలస్యం. కిచిడీ. మాడింది, తప్పు నాదే.

ఇవాళ ఘోరం జరిగిపోయింది. ఆయన ఏటి అవతలి తేనె కొండ నుంచి ఇంటికి బయలుదేరాడు. మూట కట్టింది మస్తానే, తప్పులేని తోవ. కోట తలుపు ఆటలో పొద్దుగూకితే పడిపోతుంది, దానికి ముందే చేరేలాగా పంపమన్నాం, ఆయన అలాగే పంపాడు. ఇక్కడ కంపెనీకి ఏదో అర్జెంటు సరుకు కబురు వచ్చి గొడుగుని వేరేవైపు తిప్పారు. ఆయన మూట దిగేసరికి తలుపు పడిపోయి ఉంది.

పరుగుతో వచ్చిన చిక్కు ఇదే. తలుపు మూసి ఉంటే ఆ అడుగు పడదు, మనిషి మాత్రం ఆగడు. మిగతా అడుగులన్నీ ఉన్నచోటినుంచే వేస్తాడు. కోట లోపల సంతకి పోవాల్సిన తూర్పు అడుగులు గోడ బయట పొదల్లోకి పడ్డాయి. ఇంటి మెట్లు దిగాల్సిన కిం కాస్తా గట్టు దించి ఊబిలో పడేసింది.

ఊబిలో గదులన్నీ ఒకేలా ఉంటాయి. "మోకాళ్ళ దాకా బురద. చుట్టూ తుంగ." అంతే. ఉత్తరానికి వెళ్ళి మళ్ళీ దక్షిణానికి వస్తే ముందున్న చోటికి రావు. ఎంత పాతకాపులైనా దాని జోలికి పోరు.

రాత్రి వంతులో ఆయన మాట వచ్చింది. "ఓలే పైడీ, ఇదెక్కడికొచ్చీసినాను? బురద కంపు కొడతంది. నీ వొంటగదేటి?"

తలుపు సంగతి చెప్పాను. భయంగా ఉందని కూడా చెప్పాను. అంత దూరాన ఉన్న మనిషి దగ్గర ధైర్యం నటించి ఏం చేసుకుంటాను.

దినచర్య 96

నీళ్ళు, పిండి సరే. చపాతీ. వేరుకుళ్ళు వచ్చిన వరసలు నేనే పీకి పారేశాను.

రెండు వారాలుగా పని దిగీ దిగగానే ఊబిలో దిగుతున్నాను. ఆటలో నాకు సంతలో పాతసామాను కొట్టుంది. గదులన్నీ ఒకేలా ఉంటే ఆనవాలు కోసం ఏదో ఒకటి పడేసుకుంటూ పోవాలి. ఒక గదిలో గరిట, ఒక గదిలో మూకుడు, ఒక గదిలో అట్లకాడ. మళ్ళీ మూకుడు కనబడితే, ఓహో తిరిగి ఇక్కడికే వచ్చానన్నమాట అని తెలుస్తుంది. కొట్టు దాదాపు ఖాళీ అయింది. ఇవాళ రోకలి పడేసిన గదికి పడమటి గదిలో ఆయన పేరు కనిపించింది.

"పోలయ్య ఇక్కడ నిలబడి ఉన్నాడు."

మాట్లాడితే జవాబు రేపటికి గాని రాదు. అయినా పక్కన కూర్చున్నాను. తోటకూర సంగతి, మాడిన కిచిడీ సంగతి చెప్పాను. పక్కగదిలో రోకలుందని, దారి తెలిసిపోయిందని చెప్పాను.

మామూలు చోట అయితే ఇంత యాతన లేదు. "వెంట పైడమ్మ" అని కొడితే చాలు, నేనెటు నడిస్తే ఆయన అటు వస్తాడు. పిల్లల్ని, కొత్తవాళ్ళని అలాగే తిప్పుతాం. ఊబిలో వెంట నడవడం కుదరదు. ఎవరి కాళ్ళు వాళ్ళే పీక్కోవాలి.

దినచర్య 104

నీళ్ళు అందాయి. మిగతావి చూడలేదు.

మస్తాను ఈసారి ఆటలో కాకుండా గని ఫోనులో మాట్లాడాడు. అప్పుడే అర్థమైంది.

"అక్కా, మన గొడుగంటే ఏనుగు. దాని కేక చానా దూరం పోద్ది. ఆయన బండి మీదుండేది గిన్నెమూత. దాని గొంతు ఇంక అందేటట్టు లేదు. ఈ వారంలో ఒక్క వరస పట్టుకోగలుగుతానేమో. ఆ ఒక్కటే అనుకో."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఆయన చెప్పేది మనకు రాదక్కా."

మరి మా మాటలు పంపొచ్చు కదా అన్నాను. పంపనివ్వరట. బండి ఫైలు మూసేశారు. మూసిన ఫైలు పేరు మీద గొడుగు తిప్పితే మస్తాను ఉద్యోగం పోతుంది. ఆటకొక్కదానికే ఎవరూ అడ్డు చెప్పరు, అది పాత ఏర్పాటు కాబట్టి.

తర్వాత నాకు సత్రం గుర్తొచ్చింది.

దుర్గంలో ఆట చాలించి వెళ్ళేవాళ్ళు సత్రానికి వెళ్ళి "పడుకో" అని కొట్టాలి. బయట ఎక్కడైనా కదలకుండా, ఒక్క మాటా కొట్టకుండా మూడు రోజులుంటే ఊడ్పు వస్తుంది. చీపురు పట్టుకున్న ముసలిది ఒకత్తె వచ్చి ఊడ్చిందని ఒక వాక్యం పడుతుంది, ఆ మనిషి ఇక దుర్గంలో ఉండడు. సత్రంలో పడుకున్నవాళ్ళని మాత్రం ఎవరూ కదపరు. గనుల్లో పోయినవాళ్ళ పేర్లు కూడా అక్కడ అలాగే ఉన్నాయి. వాళ్ళ పెళ్ళాలు వచ్చి చూసుకుని పోతుంటారు.

బతికున్న మనిషికి సమాధి కట్టాలని కాదు. నాకు రోజూ వెళ్ళి చూసుకోడానికి ఒక్క వాక్యం కావాలి. "పోలయ్య ఇక్కడ పడుకుని ఉన్నాడు." ఊడ్పు దాన్ని తీసుకుపోతే నా దగ్గర ఏముంటుంది? ఆయన చొక్కాలు రెండూ బండిలోనే ఉన్నాయి.

దినచర్య 105

నీళ్ళు అందాయి. అన్నం, చారు.

మస్తానూ నేనూ కూర్చుని తోవని కుదించాం. ఎక్కువ అక్షరాలు పడితే మధ్యలో ఒకటి చెరిగిపోయి మనిషి ఎటో పోతాడు. నా మొదటి తోవ రోకలి, మూకుడు, గరిటల మీదుగా చుట్టు తిరిగి వచ్చింది. అతను దాన్ని చూసి చూసి, అట్లకాడ గది నుంచి నేరుగా గట్టు ఎక్కే సందు పట్టాడు. చివరికి ఇదీ మూట:

పరుగు తూ 2ఉ పై 4ఉ ప 6ఉ 2తూ పడుకో

పై దగ్గర ఊబి అయిపోతుంది. ఆ తర్వాతి ఉత్తరాల్లో కోట తలుపు. ఆరు ఉత్తరాలు అయ్యేసరికి నాలుగు దారుల కూడలి. అక్కణ్ణుంచి రెండు తూర్పులు వేస్తే సత్రం లోపల ఉంటాడు.

తలుపు కింద మనిషి నిలబడి ఉంటే అది పడదు. కూడలిలో నిలబడి అందరికీ చెప్పాను, మా ఆయన వస్తాడు, ఎప్పుడొస్తాడో తెలియదు, తలుపు పడకుండా చూడండి అని. ఏ గనివాళ్ళో పేర్లు కూడా తెలియని జనం వంతులు వేసుకున్నారు. డ్రిల్లు మీద పనిచేసే ఒకాయన పొద్దున్నించీ కదలకుండా అక్కడే ఉన్నాడు. ఆకలేస్తే ఆటలో తినడానికి ఏదన్నా కావాలా అని అడిగితే, "మీ ఉప్మా గురించి పోలయ్య చెప్పాడమ్మా, వద్దు" అన్నాడు.

ఆయనకి మూట పంపుతూ కింద రాశాను. "కూడలిలో నేనుంటాను మావా. పిలవను. ఎవర్నీ పిలవనివ్వను. నన్ను దాటుకుని పో."

ఇంకా చాలా రాద్దామనుకున్నాను. రాయలేకపోయాను.

దినచర్య 107

వచ్చాడు.

గుంపు గుంపంతా కూడలిలో ఉంది, ఒక్కరూ అక్షరం కొట్టలేదు. నేను చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను, పొరపాటున మీట తగులుతుందేమోనని. తలుపు దగ్గరున్న డ్రిల్లు ఆయన తెర మీద పేరు పడ్డట్టుంది, అతనూ ఏమీ అనలేదు. ఇంతలో నా తెర మీద పడింది.

"పోలయ్య దక్షిణం నుంచి వచ్చాడు."

ఆ కిందనే "పోలయ్య తూర్పుకి వెళ్ళాడు" అని పడాలి. పడలేదు.

ఎవరు పిలిచారు, ఎవరు పిలిచారని కూడలంతా కడిగి పారేశాను. నోటికొచ్చిన తిట్లన్నీ కొట్టాను. ఎవరూ పిలవలేదమ్మా అని ఒక్కొక్కరే చెప్పారు. అప్పుడు ఇంకో వాక్యం పడింది.

"పోలయ్య నీ వెంట నడుస్తున్నాడు."

దాని కింద ఆయన మాట. "నడవే పైడీ. బేగి వొద్దు."

అంతే. వరస అయిపోయింది. 2తూ పడుకో అన్న అక్షరాలు కోసేసి, ఆ జాగాలో ఆయన పెట్టుకున్నవి వెంట పైడమ్మ, ఈ నాలుగు మాటలూ.

దినచర్య 108

నీళ్ళు అందాయో లేదో నాకు తెలియదు.

ఆయన్ని వెంటబెట్టుకుని సత్రంలోకి వెళ్ళాను. "పోలయ్య నీ వెనకే వచ్చాడు" అని పడింది. సత్రం ముసలాయన ఆట కట్టినవాళ్ళు పెట్టిన బొమ్మ మనిషి, నాలుగు మాటలే వచ్చు. ఈయన్ని పడుకోబెట్టు అన్నాను. "పడుకుంటానని ఆయనే చెప్పాలి" అన్నాడు. మళ్ళీ అన్నాను. మళ్ళీ అదే చెప్పాడు.

ఇంక ఆపుకోలేక మా ఆయన మీద పడ్డాను. ఊబిలో నా కొట్టు సామానంతా పోసి, ముక్కూమొహం తెలియని జనాన్ని తలుపు కింద నిలబెట్టి, రెండడుగుల దూరం దాకా తెచ్చి పెడితే, నీకు బుద్ధుందా అన్నాను. ఒక్క మాట వినవు, పెళ్ళినాడూ వినలేదు, ఇప్పుడూ వినవు. నిన్ను రోజూ ఇలా తిప్పుకుంటూ నేనెన్నాళ్ళు ఉంటాను? నాకు జ్వరమొస్తే? నేను పోతే? మూడో రోజున ముసలిది చీపురు పట్టుకొస్తుంది కదా. అప్పుడు నిన్ను ఎవరు కాస్తారు?

ఆయన నిలబడి ఉన్నాడు.

సత్రం గోడ మీద పేర్లన్నీ చదివాను. వాళ్ళ పెళ్ళాలంటే నాకు అసూయ పుట్టింది. ఇలాంటి దానికి కూడా అసూయ పడతానని ఎన్నడూ అనుకోలేదు.

దినచర్య 110

నీళ్ళు అందాయి. ఉప్మా.

మస్తాను మళ్ళీ గని ఫోనులో పలికాడు.

"అక్కా, నువ్వు కూర్చో ముందు."

"కూర్చునే ఉన్నాను, చెప్పు."

"రాత్రి గొడుగు తిరిగిన వంతులు చూస్తా ఉన్నా. ఆయన వైపు తిరిగింది. నేను తిప్పలా. దానంతట అదే తిరిగింది."

నాకు అర్థం కాలేదు. ఫైలు మూసేశారన్నావు కదా అన్నాను.

"కంపెనీ ఫైలు మూసింది. ఆట మూయలా. దుర్గంలో మెలకువగా ఉండే ప్రతి మనిషికీ, వాడి కంటికి కనపడేదంతా ఆట పంపాల గదా. నీకెట్టా వస్తుండాదో ఆయనకీ అట్టనే. నువ్వు ఒక గదిలోకి పోతే ఆయన నీ వెనక వస్తాడు, ఆ గది రాతలు ఆయన తెర మీద పడతాయి. నువ్వు మాట్లాడితే అదీ పడద్ది. ఆయన గొంతు మనకు రాదు గానీ, ఏనుగు కేక ఆయనకు ఇంకా అందతా ఉండాది."

"సత్రంలో పడుకుని ఉంటే?"

"పడుకున్నోడికి ఆట ఏమీ పంపదక్కా. గొడుగు ఆ వంతు తీసేస్తాది. మనం కట్టిచ్చిన మూట ఆయన అట్టనే కొట్టుంటే, ఆ పూటే ఆయన తెర నల్లగా అయిపోయేది. నాకు తట్టలా. ఇన్ని తోవలు కట్టినా, నాకది తట్టలా. ఏడవబాక అక్కా."

ఏడుస్తున్నది అతనే.

నేను ఎంత పని చేయబోయాను. నాకు చూసుకోడానికి ఒక వాక్యం మిగలాలని, ఆయనకి మిగిలిన వాక్యాలన్నీ ఆపేయబోయాను. అంత చీకట్లో ఒంటరిగా కూర్చున్న మనిషిని నా చేత్తోనే దీపం ఆర్పి పడుకోబెట్టబోయాను.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. మొన్న నేను సత్రంలో తిట్టిన తిట్లన్నీ ఆయన తెర మీద పడి ఉంటాయి. చదువుకుని ఉంటాడు. పెళ్ళినాటి సంగతితో సహా.

వెంటనే ఆటలోకి వెళ్ళి, "తిట్టినందుకు ఏమీ అనుకోకు. ఇప్పుడు తెలిసింది" అన్నాను. ఇంకేమనాలో తోచక, "ఇవాళ కూడా ఉప్మానే" అన్నాను.

దినచర్య 131

నీళ్ళు అందాయి. పులిహోర, పెసరపప్పు. తోటకూర కొత్త విత్తనం మొలకెత్తింది. సూపర్‌వైజరు ఎట్టకేలకు వచ్చి, పోయిన వరసలేవి అని అడిగాడు. పీకేశానన్నాను. రాయలేదేమన్నాడు. రాశానన్నాను.

పని దిగాక రోజూ నడుస్తున్నాం. పరుగు ముట్టుకోను. అక్షరాలు కుదించను. ఉత్తరం అని మొత్తం కొడతాను. గది రాతలు పూర్తిగా పడనిస్తాను. పడ్డాక "చూడు" అని కొట్టి, అక్కడున్న మనుషుల్ని, సామాన్లని కూడా రప్పిస్తాను. నాకు తెలిసినవైతే పక్కన ఓ మాట చెబుతాను. కూడలిలో జనం మేం వస్తే పలకరిస్తారు. "ఏం పోలయ్యా, ఎటు బయలుదేరావు" అని ఆయన పేరు పెట్టి అడుగుతారు. జవాబు రాదని వాళ్ళకి తెలుసు. డ్రిల్లు ఆయన తన గనిలో జరిగే కొట్లాటలన్నీ వచ్చి చెప్పిపోతాడు, నాకు కాదు, ఆయనకి.

ఆయన చదువుతున్నాడో లేదో నాకు తెలియదు. నిద్రపోతున్నాడో, తెర పాడైందో, జ్వరంతో పడి ఉన్నాడో. అలాంటివి తలకెక్కిన రోజున వేళ్ళు కదలవు. అయినా కూర్చుని కొడతాను, ఎందుకంటే ఒకవేళ చదువుతూ ఉంటే, నేను కొట్టకపోతే ఆ రోజు ఆయనకి ఏమీ రాకుండా పోతుంది.

ఏనుగు కేక కూడా ఎప్పుడో ఒకనాటికి అందకుండా పోతుంది. మస్తాను ఆ రోజు లెక్క కట్టి పెట్టాడు, గొంతులోనే తెలుస్తోంది. చెప్పొద్దన్నాను. చెబితే ఆ రోజు తర్వాత నేను నడుస్తానో లేదో నాకే నమ్మకం లేదు. తెలియకపోతే నడుస్తూనే ఉంటాను కదా.

ఇవాళ ఎప్పుడూ పోని వైపు, చాకిరేవు మీదుగా కొండకి తీసుకెళ్ళాను. సత్రం ముందునుంచే దారి. లోపలికి తొంగిచూడలేదు. రేవు దాటాక మెట్లు. ఆ మెట్ల గదికి ఎవరో పనిలేనివాడు పుటెడు వర్ణన రాసి పెట్టాడు, ఏ మెట్టు పగిలింది, ఏ మెట్టు మీద నాచు ఉంది, కింద బట్టలుతికే చప్పుడు ఎక్కడిదాకా వినపడుతుంది, అన్నీ. పరుగెత్తేవాళ్ళు ఒక్కరూ చదివి ఉండరు.

"పోలయ్య నీ వెనకే వచ్చాడు" అని పడింది.

ఆయనకి చదవడం నెమ్మది. పెళ్ళయిన కొత్తలో నవ్వేదాన్ని, పెదాలు కదుపుతూ, వేలు పెట్టుకుని చదువుతాడని. పైమెట్టు నుంచి కిందిమెట్టు దాకా నేనూ అలాగే వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాను. ఆయనకి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగాను. అప్పుడు ఉత్తరం అని కొట్టాను.